రెండు కిలోల చీటీ

ఆగండాగండి, చేతిలో పనేదైనా ఉంటే కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. రేపు పొద్దున తొమ్మిదింటికి నేనొక మనిషికి అవునో కాదో చెప్పాలి. మా బాబాయ్ పెళ్లి జరుగుతుందా లేదా అన్నది ఆ ఒక్క మాట మీదే ఉంది. నలుగుర్నీ అడిగి చెప్పమని వాళ్లిద్దరే అన్నారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే ఇందులో ఒక్క ముక్క కూడా నా నోరు దాటేది కాదు.

నా నోరు దాటేది కాదు అని నేనంటే మా ఇంట్లో పడీ పడీ నవ్వుతారు. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. నాన్నమ్మని ఆశ్చర్యపరుద్దామని అందరూ కలిసి రహస్యంగా చీర కొంటే, రంగూ అంచూ కొన్న కొట్టూ ముందురోజే నాన్నమ్మకి చెప్పేసిన ఘనత నాది. అలాంటి నాకు ఉద్యోగం ఎక్కడ దొరికిందో చూడండి. ఆసుపత్రిలో, ఎక్స్‌రే గది దాటి, విరిగిన మంచాలు పేర్చిన వసారా కూడా దాటి, చిట్టచివర ఉండే పదకొండో నంబరు గదిలో. లైంగికంగా అంటుకునే జబ్బులకి అక్కడ పరీక్షలు చేస్తారు, మందులిస్తారు, మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్తారు. ఆ చెప్పే పని నాది. కౌన్సిలర్ని.

చేరిన మొదటిరోజే పెద్ద సిస్టర్ నన్ను కూర్చోబెట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిని నడుపుతున్న మనిషి. కళ్లజోడు మీంచి చూస్తే బీపీ దానంతటదే పెరుగుతుంది.

"ఈ గుమ్మం దాటాక నువ్వు ఎవర్నీ చూళ్లేదు, ఏదీ విన్లేదు. బజార్లో ఎదురుపడితే వాళ్లు పలకరిస్తేనే పలకరించు. అర్థమైందా?"

"అయింది సిస్టర్."

సాయంత్రం బస్టాపులో నా పక్కనే నిలబడి, ఊసుపోక అడిగినట్టు అడిగింది. "అన్నట్టు, పొద్దున ఆ చారల చొక్కా ఆయన ఎందుకొచ్చాడమ్మా?"

"మంటగా ఉందని..."

"మొదటి పరీక్షలోనే తప్పావ్" అని బస్సెక్కి వెళ్లిపోయింది. నా బస్సు కూడా అదే. సిగ్గుతో ఎక్కలేదు.

మా గదిలో ఇంకో పద్ధతుంది, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఎవరికైనా జబ్బు తేలితే వాళ్ల చేతికి ఒక పసుపు చీటీ ఇస్తాం. ఎవరితో దగ్గరగా ఉన్నారో వాళ్లకి ఇవ్వమని. దాని మీద జబ్బు పేరు ఉండదు, మనిషి పేరు ఉండదు. ఇంతే ఉంటుంది: 'ఈ చీటీ ఇచ్చినవారు మీ మేలు కోరేవారు. మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. భయపడకండి. మందుంది. పదకొండో గది, ఉదయం తొమ్మిది నుంచి.' కింద నంబరు, ఆసుపత్రి ముద్ర. ఆ చీటీ పట్టుకుని రెండో మనిషి వస్తే, నంబరు చూసి ఏ పరీక్ష చేయాలో మాకు తెలుస్తుంది. ఎంత చక్కటి పద్ధతో కదా! చీటీ సరైన చేతికి చేరినంతవరకూ.

ఇప్పుడు బాబాయ్. నాన్న తమ్ముడు, యాభై రెండేళ్లు, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. మొదటి పిన్ని పోయి ఎనిమిదేళ్లయింది. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది చూశారా, ఇరవై ఏళ్లు దాన్ని తొక్కీ తొక్కీ ఇప్పుడు కంగారు పుడితే చాలు, ఎక్కడున్నా కుడికాలు నేలకేసి నొక్కేస్తాడు. అన్నం తినేచోట, బ్యాంకులో, నిద్రలో కూడా.

కారు వెనక్కి తీయడం నేర్పేది ఒక బేకరీ ముందు. నేర్చుకునేవాళ్లు మూడు నెలల్లో మూడుసార్లు ఆ బేకరీ బోర్డుని గుద్దారు. మూడుసార్లూ బాబాయే లోపలికెళ్లి క్షమాపణ అడిగాడు. నాలుగోసారి ఎవరూ గుద్దకపోయినా వెళ్లి అడిగాడు. అలా మొదలైంది. బేకరీ ఆమెకి నలభై ఎనిమిది. భర్తతో ఎప్పుడో విడిపోయింది, చేతినిండా పని, నోటినిండా నవ్వు. నేను అప్పటికే మనసులో పిన్నీ అని పిలిచేసుకున్నాను. పెళ్లి చేసుకుందామా అని బాబాయ్ అడిగితే, "ఆదివారం మీ ఇంటికొస్తా, మీవాళ్లందర్నీ చూసి చెప్తా" అంది.

ఆ ఆదివారానికి ముందు బుధవారం, పదకొండో గది తలుపు తోసుకుని లోపలికొచ్చాడు బాబాయ్. నన్ను చూశాడు. చేతిలో గొడుగు వైపు చూసుకున్నాడు.

"నీ గొడుగిచ్చి పోదామని వచ్చానే పిడుగా."

బయట ఎండ పేలిపోతోంది. గొడుగు నాది కూడా కాదు.

పెద్ద సిస్టర్ తల ఎత్తకుండానే, "ఇబ్బంది ఎవరికండీ?" అంది.

"నాక్కాదండీ. మా ఫ్రెండుకి."

"ఫ్రెండు మూత్రం తెచ్చారా?"

"...లేదండీ."

"అయితే ఆయన బదులు మీరే ఇచ్చిపోండి" అని సీసా చేతిలో పెట్టి, నావైపు తిరిగింది. "ఇంటివాళ్ల సంగతి నువ్వు చూడకూడదు. బయటికెళ్లి కండోముల పెట్టెలు సర్దు."

సర్దాను. ఒకే పెట్టెని పద్నాలుగుసార్లు సర్దాను.

శుక్రవారం ఫలితం వచ్చింది. నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం బాబాయే నన్ను కారెక్కించుకుని, ఊరంతా రెండు చుట్లు తిప్పి, చివరికి పార్కు గోడ పక్కన ఆపి చెప్పాడు. అదీ నా మొహం చూడకుండా, అద్దంలో వెనకసీటుని చూస్తూ.

"క్లమీడియా అట. పేరు చూస్తే పూలమొక్కలా ఉంది."

"మందుంది బాబాయ్. వారంలో పోతుంది."

"మీ సిస్టరూ అదే అంది. వేడి చేసిందనుకున్నానే! పదిరోజుల్నుంచి బార్లీ నీళ్లు తాగుతున్నా. తగ్గకపోతే మా స్కూలు ఓనరు పంటినొప్పికి వాడగా మిగిలిన మాత్రలు రెండు వేసుకున్నా."

"అయ్యో! ఆ సంగతి సిస్టర్‌కి చెప్పావా?"

"చెప్పా. 'ఆయన పళ్లు తగ్గాయా మీ మంట తగ్గిందా' అని అడిగింది. మిగతా పరీక్షలు కూడా చేసింది, ఎయిడ్స్‌దీ, సిఫిలిస్‌దీ అన్నీ. అవేం లేవట. రోజుకి రెండు మాత్రలు, ఏడురోజులు, మధ్యలో మానకూడదు. గ్లాసుడు నీళ్లతో మింగాలి, మింగి పడుకోకూడదు." ఆగి, కుడికాలు నొక్కాడు. "ఆమెకి చెప్పాలట."

"మరి? నీకొక్కడికే నయమైతే ఏం లాభం బాబాయ్, మళ్లీ అంటుకుంటుంది."

"ఆమె నిక్షేపంలా ఉందే!"

"చాలామంది నిక్షేపంలాగే ఉంటారు. అదే దీంతో గొడవ. బయటికి ఏమీ తెలీదు. లోపల పాకిపోయాక పొత్తికడుపులో నొప్పి, వాపు. పేరు చెప్పకుండా మేమే ఫోన్ చేసి రమ్మంటాం, సిస్టర్ చెప్పలేదా?"

"చెప్పింది. నేను తప్ప ఆమెకి ఇంకెవరున్నారే? పేరు లేకపోతే మాత్రం ఏం, ఫొటో పంపినట్టే." జేబులోంచి పసుపు చీటీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కింద నంబరు 47. "ఆదివారం లోపల ఇస్తాను. ఒట్టు. దాచి పెళ్లికి ఒప్పించుకుంటే అది మోసం. చెప్తే, పెళ్లొద్దు పొమ్మంటుంది. ఎటు తిప్పినా గోడే పిడుగా."

ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. శనివారం పొద్దున కాళ్లు వాటంతటవే నన్ను బేకరీకి తీసుకెళ్లాయి. పిన్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్లేటు నిండా బిస్కట్లు పెట్టింది. రేపు మీ నాన్నమ్మకి ఏ రంగు చీరైతే నచ్చుతుంది, మీ నాన్నకి కోపం ఎక్కువా అని అడుగుతోంది. నా నాలుక చివర ఆ మాట గంతులేస్తోంది. నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట బయటికి రాదు కదా అని బిస్కట్ పెట్టుకున్నాను. అది కరిగేలోపు ఇంకోటి. పదకొండు తిన్నాను. "ఎంత ఇష్టమో పాపం" అని ఇంకో నాలుగు పొట్లం కట్టిచ్చింది.

మధ్యాహ్నం బాబాయ్ వెళ్లాడు. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను వంటింట్లోకి లాగి, "ఇచ్చేశా!" అన్నాడు.

"ఏమంది?"

"మోచేతుల దాకా పిండిలో ఉంది. 'మీకో చీటీ తెచ్చాను' అన్నా. 'అక్కడ గుచ్చండి, చూస్తాను' అంది. గుచ్చి వచ్చేశా."

"దేనికి గుచ్చావ్?"

"కౌంటరు మీద చీటీలు గుచ్చే ఊచ ఉంటుందిగా, దానికి."

ఆ క్షణంలో నా బుర్ర పనిచేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆ ఊచకి గుచ్చేవి కేకుల ఆర్డర్లు. అవి కూడా పసుపు కాగితాలే. వాటిని చదివేది పిన్ని కాదు, లోపల కేకుల మీద అక్షరాలు రాసే క్రీము మాస్టారు. ఆయనకి ఒకటే సూత్రం: చీటీలో ఏముంటే కేకు మీద అదే. ఒకసారి ఎవరిదో పేరులో తప్పుందని తనే దిద్దితే, ఆ పేరుగలాయన వచ్చి గంటసేపు పోట్లాడాడట. అప్పట్నుంచి చుక్క కూడా మార్చడు. ఇక పిన్ని ఏమనుకుందంటే, రేపు ఇంటికి తీసుకురమ్మని బాబాయ్ ముద్దుగా కేకు ఆర్డరిచ్చాడనుకుంది. మాస్టారికి కేకేసి, "ఆయన చీటీ గుచ్చి వెళ్లారు, ఏం కావాలో అందులో ఉంటుంది, అలాగే చేసి పెట్టెలో పెట్టేయండి" అంది. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

ఆదివారం సాయంత్రం పిన్ని వచ్చింది. పెద్ద పెట్టె, దానికి ఎర్ర రిబ్బను. మొహం నిండా నవ్వు. బాబాయ్ నన్ను గిల్లాడు. "చదివి కూడా నవ్వుతోంది చూడవే! దేవత!" కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి పాపం.

అందరం చుట్టూ చేరాం. నాన్నమ్మ కుర్చీలో మధ్యన. "ఇంత బరువేంటమ్మా?" అంది అమ్మ పెట్టె అందుకుంటూ.

"మాస్టారు అక్షరాలు ఎక్కువున్నాయన్నాడండీ. కిలోలో పట్టక రెండు కిలోలు చేశాడట. ఏం రాయించారో నేను కూడా చూళ్లేదు" అంది పిన్ని, బాబాయ్ వైపు వాలుగా చూస్తూ.

బాబాయ్ కుడికాలు నేలకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది.

మూత తీశారు. తెల్లటి క్రీము మీద గులాబీరంగు అక్షరాలు, చుట్టూ పూలు. నాన్నమ్మ కళ్లజోడు వెతుక్కుని, దొరక్క, "ఒరే పెద్దోడా, చదవరా" అంది. మా నాన్న బస్టాండులో అనౌన్సరు. పాల ప్యాకెట్ మీద తారీఖు చదివినా మూడు వీధులకి వినిపిస్తుంది. గొంతు సవరించుకున్నాడు.

"ఈ చీటీ ఇచ్చినవారు! మీ మేలు కోరేవారు! మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి! భయపడకండి! మందుంది! పదకొండో గది! ఉదయం తొమ్మిది నుంచి! నంబరు నలభై ఏడు!"

ఇంకాసేపైతే ప్లాట్‌ఫారం నంబరు కూడా చెప్పేవాడే. చివరి పువ్వు పక్కన మాస్టారు మా ఆసుపత్రి ముద్ర కూడా వేశాడు, నీలం క్రీముతో.

"కేకు మారిపోయినట్టుందండీ" అంది అమ్మ, మెల్లగా.

పిన్ని కేకుని చూసింది. బాబాయ్‌ని చూసింది. ఆయన బ్రేకు తొక్కీ తొక్కీ కుర్చీతో సహా వెనక్కి జరుగుతున్నాడు. తర్వాత నన్ను చూసింది. నేను నోట్లో పెట్టుకోవడానికి ఏదైనా ఉందా అని చూస్తున్నాను.

"మారలేదండీ. ఇది నాకే" అంది పిన్ని.

ఇంతలో నాన్నమ్మ, "ఎవరో మేలు కోరే రాయించారు కదా, మందు కూడా ఉందంటున్నారు, ఇంక ఏడుపు మొహాలెందుకర్రా? కొయ్యండి" అంది.

పిన్ని కత్తి తీసుకుని సరిగ్గా 'భయపడకండి' మధ్యలోంచి కోసింది. 'భయ' ఉన్న ముక్క బాబాయ్‌కిచ్చింది. 'పడకండి' నాకిచ్చింది. నంబరున్న మూల మాత్రం విడిగా తీసి పెట్టెలో పెట్టుకుంది.

వాళ్లిద్దరూ పెరట్లో అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, నిజంగా తెలీదు, కిటికీ నాన్న మూసేశాడు. బాబాయ్ మొహం కడుక్కోవడానికి వెళ్లాక పిన్ని నా దగ్గరికొచ్చింది.

"పదకొండో గదిలో చేసేది నువ్వేగా?"

"అవునండీ."

"నిన్న పొద్దునకే నీకు తెలుసా?"

నేను 'పడకండి' ముక్కలో మిగిలింది నోట్లో కుక్కుకున్నాను.

"ఎదురుగా కూర్చుని పదకొండు బిస్కట్లు తిన్నావ్. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" కోపంగా కూడా అనలేదు. అలా అనుంటే బావుండేది. పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. పెళ్లి సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సోమవారం తొమ్మిదింటికి పదకొండో గది ముందు మొదటి మనిషి ఆమే.

"చీటీ ఉందా?" అంది పెద్ద సిస్టర్.

పిన్ని పెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది. క్రీములో 47. పెద్ద సిస్టర్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ముప్ఫై ఏళ్లలో ఆమె మాట కోసం తడుముకోవడం ఎవరూ చూసి ఉండరు.

"దీన్ని ఫైలుకి ఎలా గుచ్చనమ్మా?"

"గుడ్డు వేయని కేకండీ, మూడురోజులు ఉంటుంది."

నన్ను మళ్లీ పెట్టెలు సర్దడానికి పంపేశారు. నేనొచ్చేసరికి బల్ల మీద నంబరు లేదు, పెద్ద సిస్టర్ మూతి మీద కాస్త క్రీముంది.

రెండురోజుల తర్వాత పిన్ని ఫలితం వచ్చింది. ఆమెకీ ఉంది. ఒక్క లక్షణమూ లేదు, అయినా ఉంది. "ముందు ఎవరి నుంచి ఎవరికొచ్చింది?" అని అడిగిందట. పెద్ద సిస్టర్ ఒకటే చెప్పిందట: "నెలల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం చప్పుడు లేకుండా ఉంటుందమ్మా. పరీక్ష ఉందో లేదో చెప్తుంది, ఎవరు తెచ్చారో చెప్పదు. ఆ దర్యాప్తు పెట్టుకోకండి. మాత్రలు మింగండి." పిన్ని ఏడురోజులూ మింగింది. ఓవెన్‌కి పెట్టే గంటనే మాత్రకీ పెట్టుకుంది, ఎవరైనా అడిగితే బన్నులన్నది. ఇద్దరి మాత్రలూ అయ్యి ఇంకో వారం గడిచేదాకా దూరంగా ఉండమన్నారు కదా, బాబాయ్ ఎందుకైనా మంచిదని కారు పాఠాలు పక్కవీధికి మార్చాడు. వాళ్ల స్కూలు ఓనరు ఇంట్లో మిగిలిన మాత్రలన్నీ స్వయంగా వెళ్లి పారేయించాడు కూడా.

మూడు నెలలకి మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. మొన్న ఇద్దరూ వచ్చారు, పక్కపక్కనే కూర్చున్నారు. ఇవాళ ఫలితం. ఇద్దరికీ ఏమీ లేదు! పెద్ద సిస్టర్ ఇద్దరికీ చెరో కండోముల పెట్టె ఇచ్చి, "కొత్తగా ఏ అనుమానం వచ్చినా బార్లీ నీళ్ల దాకా పోకండి, నా దగ్గరికి రండి" అంది.

నేను ఎగిరి గంతేయబోతుంటే బయట వసారాలో, ఆ విరిగిన మంచాల పక్కన, పిన్ని నన్ను ఆపింది. బాబాయ్ నాలుగడుగుల దూరంలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నాకు ఈయన నచ్చాడు. భయపడ్డాడు గానీ దాచలేదు. తప్పు ఊచకి గుచ్చాడంతే" అంది. "నాకు తేలనిది నీ సంగతే. ఆ ఇంటికి వస్తే నాకు దగ్గరిదానివి నువ్వే. మళ్లీ ఎప్పుడైనా నాకు తెలియాల్సింది నీకు ముందు తెలిస్తే, నాకు చెప్తావా? చెప్తానంటే పెళ్లికి సరే. చెప్పనంటే నేను ఆలోచించుకోవాలి."

నేను నోరు తెరిచాను.

"ఇప్పుడొద్దు. ఇంటికెళ్లి ఆలోచించు, కావాలంటే నలుగుర్నీ అడుగు. రేపు తొమ్మిదింటికి కొట్టు తీస్తా, వచ్చి చెప్పు. బిస్కట్లు మాత్రం పెట్టను."

"అడగవే, అందర్నీ అడుగు, రాసి మరీ అడుగు!" అన్నాడు బాబాయ్ గోడతో.

పరుగెత్తుకెళ్లి పెద్ద సిస్టర్‌ని అడిగితే, "మనం గుమ్మం బయటున్నాం, నేను నిన్ను చూళ్లేదు" అంది. రెండడుగులేసి, వెనక్కి తిరిగి, "ఆమె నంబరు కూడా నలభై ఏడే. ఆమె గుట్టు కూడా నీ దగ్గరే ఉంది, మర్చిపోకు" అని వెళ్లిపోయింది.

అదీ సంగతి. చెప్తాను అంటే పెళ్లి. కానీ అది అబద్ధం, ఎందుకంటే ఆ గుమ్మం దాటి ఏదీ తేను. ఒకవేళ నిజంగానే తెస్తాననుకోండి, రేపు ఆ గదిలో ఎవరు నన్ను నమ్మి నోరు విప్పుతారు? పిన్నే నమ్ముతుందా? చెప్పను అంటే, అది నిజం. కానీ ఎనిమిదేళ్ల తర్వాత ఒక మనిషి జుట్టుకి రంగేసుకుని, అద్దం ముందు ఈలవేసుకుంటున్నాడు. ఇప్పుడు కూడా పక్కగదిలో కూర్చున్నాడు. నేను టైపు చేస్తున్న చప్పుడు ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు నేలకి తగిలిన చప్పుడు వినిపిస్తోంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకోవడం నేర్చుకున్నాను, అదే ఇప్పుడు బాబాయ్ పెళ్లికి అడ్డొచ్చేలా ఉంది.

నా చోట మీరుంటే రేపు తొమ్మిదింటికి పిన్నికి ఏం చెప్తారు?